రెండు దారుల బ్రేకు, ఒక ఎఱ్ఱదీపము

నిలిచియున్న బండిని కదల్చుటకంటె పరుగెత్తు బండిని నిలుపుట కష్టము. ఇంజను మొరాయించినచో కారు రోడ్డు ప్రక్కన ఆగిపోవును. ప్రయాణికులకు కొంత కాలము, కొంత ఓర్పు ఖర్చగును. అంతకు మించి నష్టము లేదు. బ్రేకు మొరాయించినచో సంగతి వేఱు. అప్పుడు కారు ఆగదు. దానికి ఎదురుగా నున్నదేదో దానిని ఆపవలసి వచ్చును. కాలి క్రింది బ్రేకు ఒక్కసారిగా చెడినయెడల మఱి దిక్కేమి యను ప్రశ్న అందుచేతనే కారు నిర్మాతలను చిరకాలము వెన్నాడినది. ఆ ప్రశ్నకు 1960వ దశకములోని కార్లలో ఒక చక్కని సమాధానము స్థిరపడినది. బ్రేకు యంత్రాంగమును రెండు దారులుగా విడదీసి, ఒకటి చెడినను రెండవది పనిచేయునట్లు చేసిరి. దానికి తోడుగా డ్రైవరు కన్నుల యెదుట ఒక చిన్న ఎఱ్ఱదీపమును అమర్చిరి. ఆ రెండు దారులు ఎట్లు పనిచేయునో, ఆ దీపము ఎప్పుడు వెలుగునో, వెలుగవలసి యుండియు ఎప్పుడు వెలుగకపోవునో ఇచ్చట వివరింపదలచితిమి.

ముందుగా బ్రేకు చేయు పని ఎంతటిదో చూతము. వెయ్యి కిలోల బరువుగల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. దాని చలనములో ఇమిడియున్న శక్తినంతను వేడిగా మార్చినచో, ఆ వేడితో సుమారు అర లీటరు నీటిని మరుగుస్థితికి తేవచ్చును. వేగము 120 కిలోమీటర్లైనచో ఈ శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. అప్పుడు సుమారు రెండు లీటర్ల నీరు మరుగును. బ్రేకు వేయుట యనగా ఈ శక్తిని కొన్ని క్షణములలో రాపిడిచేత వేడిగా మార్చి గాలిలోనికి వదలుటయే. ఈ రాపిడికి చక్రముల వద్ద వందలకొలది కిలోల ఒత్తిడి కావలెను. మనిషి కాలు సులభముగా ఈయగల బలము ముప్పది నలువది కిలోలు మాత్రమే. ఈ లోటును పూడ్చుటకై మోటారు ఇంజనీర్లు ద్రవమును ఆశ్రయించిరి.

ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ పదునేడవ శతాబ్దిలో ఒక సూత్రమును చెప్పెను. మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట ఒత్తిడి కలిగించినచో, ఆ ఒత్తిడి తగ్గకుండ అన్ని వైపులకు సమానముగా ప్రసరించును. ఆయన 1662లో మరణింపగా, ఈ విషయముపై ఆయన వ్రాసిన గ్రంథము మరుసటి సంవత్సరము వెలువడినది. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో ఈ సూత్రము ననుసరించి నీటి ఒత్తిడితో పనిచేయు యంత్రమునకు పేటెంటు పొందెను. చిన్న పిస్టనుపై వేసిన కొద్ది బలము పెద్ద పిస్టను వద్ద పెనుబలమై బయటికి వచ్చుట లోకమునకు ఆశ్చర్యము గొలిపినది. కారు బ్రేకులో నున్నదియు ఆ యంత్రమే. పరిమాణము మాత్రమే చిన్నది.

ఒక లెక్క వేసి చూతము. డ్రైవరు పెడలును 30 కిలోల బలముతో త్రొక్కెననుకొందము. పెడలు ఒక తులాదండము. దాని అమరికచేత ఈ బలము ఐదు రెట్లై 150 కిలోలుగా మాస్టరు సిలిండరులోని పిస్టనును నెట్టును. ఆ పిస్టను ముఖవైశాల్యము 3 చదరపు సెంటీమీటర్లైనచో, ద్రవములో చదరపు సెంటీమీటరునకు 50 కిలోల ఒత్తిడి ఏర్పడును. ఆ ఒత్తిడి సన్నని ఉక్కు గొట్టముల వెంట చక్రములను చేరును. అచ్చట డిస్కును నొక్కు పిస్టను వైశాల్యము 20 చదరపు సెంటీమీటర్లైనచో, దాని బలము వెయ్యి కిలోలు! ముప్పది కిలోలు వెయ్యి యైనవి. ఐనను ప్రకృతి ఎవరికిని ఊరక ఏమియు ఈయదు. బలము పెరిగిన కొలదిని కదలిక తగ్గును. పెడలు కొన్ని అంగుళములు దిగినప్పుడు చక్రము వద్ద ప్యాడు వెండ్రుకవాసి మాత్రమే జరుగును. ఆ కదలిక అంత స్వల్పమగుటచేతనే గొట్టములలో ఒక గాలి బుడగ యున్నను ప్రమాదమే. గాలి నలుగును, ద్రవము నలుగదు. బుడగను నలుపుటకే పెడలు ప్రయాణమంతయు ఖర్చగును, ప్యాడు కదలదు.

ఈ పద్ధతిని కార్లకు తెచ్చినవారిలో ముఖ్యుడు అమెరికా దేశస్థుడైన మాల్కం లోహెడ్. ఆయన 1917లో ద్రవపు బ్రేకునకు పేటెంటు పొందెను. లాక్‌హీడ్ అను పేరు బ్రేకులపై నిలిచినది ఆయనవలననే. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకును ద్రవపు బ్రేకులతో వెలువడినది. 1924లో క్రైస్లరు కంపెనీ అదే పద్ధతిని మధ్యతరగతివారు కొనగల కారునకు తెచ్చెను. ఫోర్డు కంపెనీ మాత్రము చాలకాలము కడ్డీలను, తీగలను నమ్ముకొని, 1939 మోడలుతో గాని ద్రవపు బ్రేకునకు మారలేదు. ఆ సంకోచమును పూర్తిగా తప్పు పట్టుటకు వీలులేదు. కడ్డీ బ్రేకులో ఒక చక్రపు కడ్డీ విఱిగినచో తక్కిన చక్రములకు కొంతైనను బ్రేకు మిగులును. ద్రవపు బ్రేకులో ఒకచోట రంధ్రము పడినచో నాలుగు చక్రముల బ్రేకును ఒక్కమారే పోవును.

పాస్కల్ సూత్రములోని గుణమే ఇచ్చట దోషమగుచున్నది. ఒత్తిడి అన్నిచోట్ల సమానము. కావున ఒకచోట ఒత్తిడి లేకున్న ఎచ్చటను లేదు. ముందు చక్రము వద్ద రబ్బరు గొట్టము పగిలినను, వెనుక చక్రపు సిలిండరులో కాసంత రబ్బరు కప్పు అరిగినను, ఉక్కు గొట్టము తుప్పుపట్టి సూదిమొనంత రంధ్రము పడినను ఫలితము ఒక్కటే. పెడలు నేలకు దిగును. కారు పోవుచునే యుండును. రబ్బరు కప్పు వెల స్వల్పము. ఒంటిదారి బ్రేకున్న కారులో నలుగురి ప్రాణములు ఆ స్వల్పపు వస్తువును నమ్ముకొని యుండెడివి. తీగతో పనిచేయు హ్యాండు బ్రేకు ఒక్కటే అప్పుడు మిగులు ఆధారము. అది సాధారణముగా వెనుక చక్రములకు మాత్రమే ఉండును. నిలిపిన కారును పట్టియుంచుటకే గాని, వేగముగా పోవు కారును ఆపుటకు అది ఉద్దేశింపబడలేదు.

దీనికి విరుగుడుగా వచ్చినదే జంట మాస్టరు సిలిండరు. దీని నిర్మాణమును గ్రహించుట కష్టము కాదు. ఒకే సిలిండరులో ఒకదాని వెనుక ఒకటిగా రెండు పిస్టనులుండును. మొదటి పిస్టనును పెడలు కడ్డీ నెట్టును. రెండవ పిస్టనునకు పెడలుతో సంబంధము లేదు. అది ద్రవములో తేలియాడుచున్నట్లుండును. మొదటి పిస్టనునకును రెండవ పిస్టనునకును నడుమనున్నది ఒక గది. రెండవ పిస్టనునకును సిలిండరు కొనగోడకును నడుమనున్నది మఱియొక గది. ఒక్కొక్క గదినుండి ఒక్కొక్క గొట్టపుదారి బయలుదేరును. డ్రైవరు పెడలు త్రొక్కగానే మొదటి పిస్టను తన ముందున్న ద్రవమును నెట్టును. ఆ ద్రవము రెండవ పిస్టనును నెట్టును. అది తన ముందున్న ద్రవమును నెట్టును. ఈ విధముగా రెండు దారులలోను దాదాపు సమానమైన ఒత్తిడి ఏర్పడును. బ్రేకు ఆయిలు నిలువచేయు పాత్రకూడ నడుమ అడ్డుగోడతో రెండు భాగములుగా ఉండును, లేదా రెండు వేఱు పాత్రలుండును. ఒక భాగము కారిపోయినను రెండవది నిండుగా నిలుచుటకే ఈ ఏర్పాటు.

ఇప్పుడొక దారి తెగినదనుకొందము. మొదటి గదికి సంబంధించిన గొట్టము పగిలినచో ఆ గదిలో ఒత్తిడి నిలువదు. మొదటి పిస్టను అడ్డులేక ముందునకు పోయి, తన ముక్కుతో రెండవ పిస్టనును తాకును. అటుపైన ద్రవముతో పనిలేదు. లోహము లోహమును నెట్టును. రెండవ దారిలో బ్రేకు పడును. రెండవ గదికి సంబంధించిన గొట్టము పగిలినచో రెండవ పిస్టను పరుగెత్తి సిలిండరు కొనగోడను తాకి అచ్చట ఆగును. అది ఆగగానే మొదటి గదిలోని ద్రవమునకు ఆధారము దొరకును. మొదటి దారిలో బ్రేకు పడును. రెండు సందర్భములలోను పిస్టను కొంతదూరము వ్యర్థముగా పోవలెను గనుక పెడలు మామూలుకంటె లోతునకు దిగును. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. దీనితో ముందు పని యున్నది.

అమెరికాలో 1962 మోడలు కార్లలో రాంబ్లరు, కాడిలాక్ ఈ జంట పద్ధతిని స్వీకరించినవి. అప్పటికి అది కొనువారికి అదనపు ఆకర్షణయే గాని చట్టము కాదు. 1966 సెప్టెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మోటారు వాహనముల భద్రతా చట్టముపై సంతకము చేసిన పిదప పరిస్థితి మారినది. ఆ చట్టము క్రింద ఏర్పడిన ప్రమాణములు 1968 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. అమెరికాలో అమ్ము ప్రతి కారునకును విడదీసిన బ్రేకు దారులును, ఒకటి చెడినప్పుడు తెలుపు దీపమును తప్పనిసరి యైనవి. ఈ శాసనపు ప్రభావము సముద్రములు దాటినది. ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణములో 1962 నుండి 1980 వరకు తయారైన ఎమ్.జి.బి. అను చిన్న కారును ఉదాహరణగా తీసికొనవచ్చును. 1968 మోడలునుండి అమెరికాకు పంపిన కార్లకు జంట సిలిండరును, హెచ్చరిక దీపమును అమర్చిరి. స్వదేశములో అమ్మిన అదే కారునకు మాత్రము పాత ఒంటిదారి పద్ధతియే మఱికొన్ని యేండ్లు కొనసాగినది.

రెండు దారులను నాలుగు చక్రములకు ఎట్లు పంచవలెను? ఇచ్చట ఇంజనీర్లు ఏకాభిప్రాయమునకు రాలేదు. అమెరికావారు, బ్రిటిషువారు తరచుగా ముందు చక్రములకొక దారి, వెనుక చక్రములకొక దారి ఏర్పరచిరి. ఇది సులభము, చౌక. కాని ఇందులో న్యాయమైన పంపకము లేదు. బ్రేకు పడగానే కారు బరువు ముందునకు ఒరుగును. ముందు చక్రములు నేలను గట్టిగా పట్టును, వెనుకవి తేలిక యగును. అందుచేత పనిలో సుమారు మూడింట రెండు వంతులు ముందు బ్రేకులే చేయుననుకొనవచ్చును. స్వీడనులోని సాబ్ కంపెనీ 1960వ దశకపు మధ్యభాగములో ఐమూలగా పంచినది: ఎడమ ముందు చక్రమునకును కుడి వెనుక చక్రమునకును ఒక దారి, తక్కిన రెంటికి ఒక దారి. ఏది చెడినను సగము మిగులును. ఐతే ముందు చక్రములలో ఒకటి మాత్రమే పట్టుటచే కారు ఒక ప్రక్కకు లాగుటకు అవకాశమున్నది. జర్మనీలో 1972లో వెలువడిన ఆడి 80 కారునకు ముందు చక్రముల అమరికలోనే ఆ లాగుడును సరిదిద్దు ఉపాయము చేసిరి. స్వీడనుకే చెందిన వోల్వో కంపెనీ 1966లో వచ్చిన 140 కార్లలో మఱింత ఖర్చునకు సిద్ధపడినది. అందు ప్రతి దారియు రెండు ముందు చక్రములకును, ఒక వెనుక చక్రమునకును పోవును. ముందు చక్రములందు ఒక్కొక్క దారికి వేఱువేఱు పిస్టనులుండును. ఒక దారి పోయినను మూడు చక్రములు పట్టును.

ఈ తేడాలు కాగితముపై చిన్నవిగా కనబడును. రోడ్డుపై అట్లు కావు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు పొడి రోడ్డుపై, బ్రేకు పట్టిన క్షణమునుండి సుమారు 20 మీటర్లలో ఆగుననుకొందము. ముందు చక్రముల దారి చెడి, వెనుకటి మూడవ వంతు మాత్రమే మిగిలినచో అదే కారునకు సుమారు 60 మీటర్లు కావలెను. పైగా తేలికపడిన వెనుక చక్రములు బిగుసుకొని జారిపోవు భయమును ఉన్నది. కావున రెండు దారుల బ్రేకు అనగా రెండు పూర్తి బ్రేకులు కావని గ్రహింపవలెను. ఒక దారి పోయినప్పుడు మిగులునది పూర్తి భద్రత కాదు. కారును జాగ్రత్తగా ప్రక్కకు చేర్చి ఆపుటకు దొరకిన గడువు మాత్రమే.

ఇక్కడనే మన విషయములోని కీలకమున్నది. ఒంటిదారి బ్రేకు చెడినప్పుడు డ్రైవరునకు తెలియకుండ నుండదు. కాలు నేలకు తగులును. రెండు దారుల బ్రేకులో సగము చెడినప్పుడు తెలియకపోవచ్చును. ఊరిలో మెల్లగా తిరుగు కారునకు మిగిలిన సగము చాలును. పెడలు కొంచెము లోతునకు దిగుచున్నదే యని డ్రైవరునకు తోచినను, లైనింగు అరిగినదేమో, వచ్చే నెల చూపింతమని అనుకొనును. నాలుగు దినములలో ఆ లోతు కాలికి అలవాటైపోవును. అట్టి కారు పైకి రెండు దారుల కారు. నిజమునకు ఒంటిదారి కారే. ఆ మిగిలిన దారి చెడిన దినమున, లేదా ఊరి వెలుపల వేగముగా పోవుచు ఒక్కసారిగా ఆపవలసి వచ్చిన దినమున, అసలు సంగతి బయటపడును. అప్పుడు తెలిసికొనుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే. రెండవ దారిని అమర్చినవారే దీపమును కూడ అమర్చుటకు కారణమిదియే. రెండవ దారి ఆపదను దాటించును. దీపము ఆపద వచ్చినదని చెప్పును. చెప్పువారు లేనిచో దాటించినదానివలన ఫలము తాత్కాలికమే.

ఆ దీపమును వెలిగించు స్విచ్చి చూచుటకు సామాన్యమైన వస్తువు. ఇత్తడితోనో ఇనుముతోనో చేసిన చిన్న దిమ్మె. దానిలో అడ్డముగా ఒక సన్నని బెజ్జము. ఆ బెజ్జములో ఇటునటు జరుగగల చిన్న పిస్టను. మగ్గములో దారమును మోయుచు ఇటునటు పోవు నాడెను మన నేతగాండ్ర యిండ్లలో చూడనివారుండరు. ఆంగ్లములో నాడెకు షటిల్ అని పేరు. ఈ చిన్న పిస్టనుకును ఆ పేరే పెట్టిరి. మనము దీనిని నాడె యనియే పిలుతము. నాడె ఒక కొనపై మొదటి దారిలోని ద్రవము ఒత్తును, రెండవ కొనపై రెండవ దారిలోని ద్రవము ఒత్తును. రెండు ఒత్తిడులు సమానముగా నున్నంతకాలము, సమాన బలముగల ఇద్దరు ఇరువైపుల నిలిచి నెట్టిన తలుపువలె, నాడె నడుమ కదలక నిలుచును.

నాడె నడిమి భాగమున చుట్టును ఒక గాడి యున్నది. ఆ గాడిలోనికి పైనుండి స్విచ్చియొక్క చిన్న మేకు దిగియుండును. మేకు గాడిలో నున్నంతవరకు స్విచ్చి తెఱచియుండును. దీపమునకు కరెంటు పోదు. ఒక దారిలో ఒత్తిడి పడిపోయినదనుకొందము. డ్రైవరు పెడలు త్రొక్కగానే రెండవ దారిలోని ఒత్తిడి నాడెను బలహీనమైన వైపునకు త్రోయును. గాడి ప్రక్కకు జరుగును, మేకు గాడి అంచుమీదుగా ఎక్కి పైకి లేచును, స్విచ్చి మూసికొనును. బ్యాటరీనుండి ఇంజను తాళపు స్విచ్చిద్వారా దీపమునకు వచ్చి నిలిచియున్న కరెంటు, ఈ స్విచ్చిద్వారా కారు ఇనుప దేహములోనికి పోవును. ఆ దేహమే బ్యాటరీకి తిరుగుదారి. కరెంటు చుట్టు పూర్తియై ఎఱ్ఱదీపము వెలుగును. అనేక కార్లలో నాడె అట్లే ఒరిగియుండును గనుక కాలు తీసినను దీపము ఆరదు. ఈ స్విచ్చి కొలుచునది ఒత్తిడిని కాదు, రెండు ఒత్తిడుల నడుమనున్న భేదమును. మెల్లగా త్రొక్కినప్పుడు ఒత్తిడి తక్కువ, గట్టిగా త్రొక్కినప్పుడు ఎక్కువ. ఐనను రెండు వైపుల సమానమైనంతవరకు స్విచ్చి మాటాడదు.

దీపము వెలుగలేదు గనుక అంతయు క్షేమమని తలచుట తగదు. రేడియో మూగవోయినచో ప్రసారము ఆగినదో, మన రేడియోయే చెడినదో వెంటనే చెప్పలేము గదా! అట్లే వెలుగని దీపమునకు రెండు అర్థములుండవచ్చును: బ్రేకు బాగున్నది, లేదా బల్బు మాడిపోయినది. నిర్మాతలు ఈ సందేహమును ముందే ఊహించిరి. అమెరికా కార్లలో పెక్కింటియందు హ్యాండు బ్రేకు లాగినప్పుడుగాని, ఇంజను స్టార్టు చేయునప్పుడుగాని అదే దీపము వెలుగునట్లు చేసిరి. కొన్ని బ్రిటిషు కార్లలో దీపమును పరీక్షించుటకు ఒక మీట యుండును. దానిని నొక్కి చూడవలెను. ఐతే ఈ పరీక్షవలన బల్బు సంగతి మాత్రమే తెలియును. నాడె కదలునో లేదో తెలియదు. దశాబ్దములుగా కదలక యుండిన నాడె తుప్పుచేత తన బెజ్జములోనే అతుకుకొని పోయియుండవచ్చును. అట్టి కారులో బల్బు ప్రతి ఉదయము వెలిగి చూపును. ఆపద వచ్చిన దినమున మాత్రము వెలుగదు. దీనిని నిశ్చయముగా తెలిసికొనుటకు మెకానిక్కు ఒక చక్రము వద్ద గాలి తీయు మరను కొంచెము వదులుచేసి, మఱియొకరిచేత పెడలును త్రొక్కించి, దీపము వెలుగుచున్నదేమో చూడవలెను. స్విచ్చిని ఊడదీసినప్పుడు ఆ గూటిలో బ్రేకు ఆయిలు తడి కనబడినచో, నాడె చుట్టునున్న రబ్బరు వలయములు చెడినవని అర్థము.

దీపమునకు తెలియని సంగతులు మఱికొన్ని యున్నవి. లైనింగు అరుగుట దానికి తెలియదు. ఆయిలు బొట్టుబొట్టుగా కారుచున్నను, ఒత్తిడి నిలుచునంతవరకు తెలియదు. అందుచేతనే తరువాతి కార్లలో అనేకము ఆయిలు పాత్రలోనే ఒక తేలెడు బిళ్ళను అమర్చినవి. ఆయిలు మట్టము తగ్గగానే అది దిగి దీపమును వెలిగించును. నాడె స్విచ్చి దారి తెగిన తరువాత చెప్పును. తేలెడు బిళ్ళ తెగకముందే చెప్పుటకు ప్రయత్నించును.

ఆయిలు పాతబడుట మఱియొక సంగతి. సాధారణముగా వాడు బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. అమెరికా ప్రమాణముల ప్రకారము డాట్ 3 అను రకపు ఆయిలు క్రొత్తదిగా నున్నప్పుడు కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడువరకు మరుగరాదు. పరీక్షలో నిర్ణయించినంత తేమ చేరిన పిదప ఆ పరిమితి 140 డిగ్రీలే. ఘాటురోడ్డులో దిగునప్పుడు బ్రేకులు వేడెక్కి తేమ చేరిన ఆయిలు మరిగినచో ఆవిరి బుడగలు పుట్టును. ఆవిరియు గాలివలెనే నలుగును, పెడలు దిగిపోవును. రెండు దారులలోను ఒకే పాత ఆయిలు ఉండును గనుక రెండును ఒక్కమారే చెడవచ్చును. ఆ వేళ భేదమును మాత్రమే ఎఱిగిన స్విచ్చి మౌనముగా నుండవచ్చును. తేమ లోపలి ఉక్కును, నాడెను తుప్పు పట్టించునది కూడ. రెండేండ్లకొకమారు బ్రేకు ఆయిలును పూర్తిగా మార్చవలెనని చెప్పుట ఇందుకొరకే. కారు తిరుగక షెడ్డులోనే యున్నను ఆయిలునకు వయస్సు వచ్చుచునే యుండును. ఇంజను ఆయిలును మాత్రము పొరబాటుననైనను బ్రేకులో పోయరాదు. అది రబ్బరు కప్పులను ఉబ్బించి పాడుచేయును.

ప్రయాణములో దీపము వెలిగినచో చేయవలసినదేమి? మొదట పెడలును విడువక గట్టిగా త్రొక్కవలెను. అది మామూలుకంటె లోతునకు దిగినను, అచ్చట పట్టు దొరకును. గేరు తగ్గించి ఇంజను సాయమును తీసికొని, ఎడము చూచుకొని, కారును ప్రక్కకు చేర్చి ఆపవలెను. హ్యాండు బ్రేకు పొరపాటున లాగబడియున్నదేమో చూడవలెను. అది కాదని తేలినచో పాత్రలోని ఆయిలును చూడవలెను. తగ్గినదానిని నింపి దీపమారినదని సంతోషించి సాగిపోవుట మాత్రము కూడదు. తగ్గిన ఆయిలు ఎచ్చటికో పోయినది. ఆ దారి ఇంకను తెఱచియే యున్నది. ఆ కారు ఇంటికి పోవలసినది మఱియొక బండి వెనుక, లేదా మెకానిక్కు వచ్చి చూచిన తరువాత.

మరమ్మతు ముగిసి గాలి తీసిన పిమ్మట దీపము ఇంకను వెలుగుచునే యుండుట కద్దు. దానిని చూచి కొందఱు స్విచ్చి తీగను లాగివేయుదురు. అది కావలివాని నోరు కట్టివేయుటయే. నాడె ఒక ప్రక్కకు ఒరిగియుండుటయే అందుకు కారణము. కొన్ని కార్లలో పెడలును గట్టిగా త్రొక్కగానే నాడె తనంతట నడుమకు వచ్చును. మఱికొన్నింటిలో, చెడిన దారికి ఎదుటి దారియొక్క గాలి తీయు మరను కొంచెము వదులుచేసి, పెడలును మెల్లగా త్రొక్కవలెను. నాడె వెనుకకు జరిగి దీపము ఆరగానే మరను బిగింపవలెను. స్విచ్చి మేకు విఱుగకుండుటకై, గాలి తీయుటకు ముందే స్విచ్చిని కొన్ని చుట్లు వదులుచేయుమని కొన్ని కార్ల విషయములో చెప్పుదురు.

మన ప్రాంతములలోను పాత కార్లను ప్రీతితో కాపాడుకొనుచున్న కుటుంబములున్నవి. 2014 వరకు తయారైన అంబాసిడరు కారు మూలము బ్రిటిషు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అట్టి పాత కారు ఏదైనను ఇంట నున్నవారు మొదట ఒక సంగతి తెలిసికొనవలెను: తమ కారునకున్నది ఒక దారియా, రెండు దారులా? మాస్టరు సిలిండరునుండి బయలుదేరు గొట్టములను, ఆయిలు పాత్రలోని భాగములను చూచినచో సాధారణముగా తెలిసిపోవును. తెలియనిచో ఆటోనగరులోని అనుభవజ్ఞుడైన మెకానిక్కును అడుగవలెను. ఒక దారియే యున్నచో రబ్బరు కప్పులను, గొట్టములను వయస్సునుబట్టి మార్చుచు, హ్యాండు బ్రేకును ఎల్లప్పుడును బిగువుగా ఉంచుకొనవలెను. రెండు దారులున్నచో, దీపము వెలుగునో లేదో, నాడె కదలునో లేదో సంవత్సరమునకొకమారైనను పరీక్షింపవలెను.

నేటి కార్లలో రెండు దారుల బ్రేకు సర్వసామాన్యమైనది. వాటి కాపలాకు ఎలక్ట్రానిక్ సాధనములు వచ్చినవి. ఐనను మూలసూత్రము మారలేదు. ఆపదకు అడ్డముగా రెండవ ఆధారమును నిలిపిన చోట, మొదటి ఆధారము పోయినప్పుడు మనకు తెలియు ఏర్పాటును తప్పక ఉండవలెను. లేనిచో ఆ రెండవ ఆధారమే మొదటిదాని లోపమును కప్పిపుచ్చును. జంట సిలిండరును నిర్మించినవారు ఈ సత్యమును గుర్తించి, చిన్న నాడెను, గుండీయంత దీపమును దానికి తోడు చేసిరి. ఉదయము కారు తాళము త్రిప్పినప్పుడు ఆ ఎఱ్ఱదీపము ఒక్క క్షణము వెలిగి ఆరుచున్నదో లేదో చూచుటకు పట్టు కాలము కనురెప్పపాటు. ఆ పాటి శ్రద్ధను మాత్రము ఏ యంత్రమును మనకు బదులుగా వహింపజాలదు.